రాతి రంగు ముద్ద

వినాయక చవితికి ముందు రోజు. దొర్నిపాడులో అక్క వాళ్లింటికి నేను చేరేసరికి పొద్దు గూకింది. పంచలో నులక మంచాన్ని నిలువునా నిలబెట్టి, దానికి నల్ల దుప్పటి కట్టారు. పైనుంచి రెండు బల్బులు వేలాడుతున్నాయి. ఆ వెలుగులో మా మేనకోడలు మోకాళ్ల మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి, జానెడు మట్టి ఎద్దు చెవిని గోటితో నూలుపోగంత కదిలించింది. వెనక్కి జరిగి మీట నొక్కింది. మళ్లీ ముందుకు వంగింది.

"ఆడనే నిలబడు మామా. అడుగు ముందుకేస్తే నీడ పడతాది" అంది నా వైపు తిరక్కుండానే.

యానిమేషన్ చదువుతోంది, ఆఖరి సంవత్సరం. తానే కథ రాసుకుని తానే డైరెక్టు చేస్తున్న మొదటి సినిమా ఇది. ఆళ్లగడ్డలో ఒక శిల్పి దగ్గర సగం చెక్కిన నంది ఉంటుంది. ముందు కాళ్లు, మెడ, మూపురం రాయిలోంచి బయటికొచ్చాయి. వెనక సగం ఇంకా బండే. ఒక రాత్రి దానికి దప్పికవుతుంది. బండను ఈడ్చుకుంటూ కుందూ నది దాకా పోయి, నీళ్లు తాగి, తెల్లవారేలోగా వచ్చి తన చోట తాను కూర్చుంటుంది. కథ ఇంతే. ఆళ్లగడ్డ రాతి చెక్కడానికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని మనం పేపర్లో చదివి సంతోషించాం. ఆ శిల్పుల పాకల దారిన బడికి పోయిన ఈ పిల్ల చెవుల్లో మాత్రం ఉలి చప్పుడు ఉండిపోయింది. ఆ చప్పుడే ఇప్పుడు నంది అయింది.

మొదటి నందిని చేనిలోని రేగడి మట్టితోనే చేసిందట. నల్లరేగడి గుణం సేద్యం చేసేవాళ్లకు నేను చెప్పాలా? తడికి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుని నెర్రెలిస్తుంది. బల్బుల వేడికి ఒక్క రాత్రిలో నంది మెడ మీద వేలు దూరేంత నెర్రె పడింది. అప్పటికి తీసిందంతా పోయింది. ఇప్పుడు చేతిలో ఉన్నది ఎండిపోని నూనె మట్టి.

"ఎంతయింది?" అని అడిగాను.

"నలభై సెకన్లు."

"ఎన్నాళ్లకు?"

"నాలుగు నెలలకు." బల్బులు ఆర్పేసింది. చీకట్లో గొంతు మాత్రం వినిపించింది. "ఐదు నిమిషాల సినిమా మామా. ఇంక నాతో కాదు. డైరెక్షనంటే నలుగురికి చెప్పి చేయించేదనుకుంటి. ఈడ ఎవరికి చెప్పల్ల? నేనూ, ఈ ఎద్దూ."

ఆ రాత్రి అన్నాలయ్యాక పంచలో కూర్చుని ఆమెకు ఒక కథ చెప్పాను. కల్పన కాదు, జరిగిందే. ఆ కథలోని మనిషి కూడా విద్యార్థే. వాడి చేతిలోనూ మట్టి ముద్దే.

*

ఇంగ్లండు ఉత్తరాన, లాంకషైర్‌లో ప్రెస్టన్ అనే ఊరు. అక్కడ 1958 డిసెంబరు 6న పుట్టాడు నిక్ పార్క్. ఐదుగురు పిల్లల ఇల్లు. తండ్రి ఫొటోగ్రాఫరు, తల్లి కుట్టుపని చేసేది. తండ్రికి ఇంట్లో ఏదో ఒకటి బిగించడం, విప్పడం, చక్రాలు తొడగడం అలవాటు. ఒకసారి పెట్టెలాంటి బండికి చక్రాలు అమర్చి, లోపల గోడకాగితాలు అతికించి, సామాను సర్ది, పిల్లలందరినీ ఎక్కించుకుని సెలవులకు తీసుకుపోయాడు. చుట్టూ అతికించిన కాగితాలు, ఇంటిని పోలిన సామాను, కదిలే పెట్టె. ఈ బొమ్మ ఆ పిల్లవాడి తలలో ఎక్కడో పడి ఉంది. అది రాకెట్టవుతుందని అప్పుడెవరికి తెలుసు?

పదమూడేళ్లప్పుడు ఇంట్లో తల్లి వాడే సినిమా కెమెరా చేతికొచ్చింది. దాంతో ఒక్కొక్క ఫ్రేమే తీయొచ్చు. బొమ్మను కొంచెం జరుపు, ఒక ఫ్రేము తియ్యి. ఇంకొంచెం జరుపు, ఇంకో ఫ్రేము. స్టాప్ మోషన్ అంటే అంతే. వరసగా తిప్పితే బొమ్మ తనంతట తాను కదిలినట్టు కనబడుతుంది. అట్లా తీసిన ఒక చిన్న సినిమాను 1975లో బీబీసీ ప్రసారం చేసింది. అప్పటికి వాడికి పదహారేళ్లు. షెఫీల్డులో పాలిటెక్నిక్ చదువు ముగించి, బీకన్స్‌ఫీల్డులోని జాతీయ సినిమా, టెలివిజన్ స్కూల్లో చేరాడు. చదువు ముగించేముందు ఒక సినిమా తీయాలి. 1982లో మొదలుపెట్టాడు.

కథ చెబితే నవ్వొస్తుంది. ఒక పెద్దమనిషి, వాలెస్. ఆయన పెంపుడు కుక్క, గ్రోమిట్. సెలవు రోజు. ఎక్కడికి పోదామా అని చూస్తుంటే ఇంట్లో జున్ను అయిపోయింది. చంద్రుడు జున్నుతో చేసిందని ఇంగ్లండు పిల్లల మాట. మనకు చందమామలో కుందేలున్నట్టు వాళ్లకు జున్ను. సరే, అక్కడికే పోదాం అనుకుని ఇంటి నేలమాళిగలో కొయ్య, రేకు కలిపి రాకెట్టు కట్టుకుంటారు. బిస్కట్లు మరిచిపోయి, ఒత్తి అంటించాక వాలెస్ మళ్లీ ఇంట్లోకి పరుగెత్తుతాడు. అంకెలు లెక్కపెట్టేస్తారు గానీ రాకెట్టు లేవదు. హ్యాండ్ బ్రేకు తీయలేదు! అది గుర్తొచ్చేది మనిషికి కాదు, కుక్కకు. నేలమాళిగలో ఎలుకలు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఈ ప్రయాణాన్ని చూస్తుంటాయి. రాకెట్టు లోపల గోడకాగితాలు, కుర్చీలు ఉంటాయి. తండ్రి కట్టిన బండే అది. వాలెస్‌లో తన తండ్రి ఉన్నాడని నిక్‌కు తట్టింది మాత్రం చాలా తరువాత.

వాలెస్ మొదట పోస్టుమాను, పేరు జెర్రీ. ఆ పేరు అతకలేదు. ప్రెస్టన్‌లో ఒక ముసలావిడ బస్సెక్కుతూ తన లావుపాటి కుక్కను వాలెస్ అని పిలవడం విన్నాడు. ఆ పేరు మనిషికి పెట్టాడు. గ్రోమిట్ మొదట పిల్లి. మట్టితో చేసి చూస్తే కుక్కే తేలిగ్గా వచ్చింది, కుక్కయింది. పేరు మాత్రం కరెంటు పని చేసే సోదరుడి నోట వినబడే ఒక సామాను మాట, తీగ చుట్టూ బిగించే రబ్బరు కట్టు.

"అంటే ముందే అన్నీ అనుకోలేదా?" అని మధ్యలో అడిగింది మా పిల్ల.

అనుకున్నాడు. అనుకున్నవి ఒక్కొక్కటే చేతిలో మారిపోయాయి.

మట్టి సంగతి చూడు. ప్లాస్టిసీన్ అనే ఆ మట్టిని 1897లో బాత్ పట్నంలో విలియం హార్బట్ అనే చిత్రకళ మాస్టరు తయారుచేశాడు. మామూలు బంకమన్ను పాఠం అయిపోయేలోగా గట్టిపడిపోతుంటే, ఎండిపోని మట్టి కావాలని పిల్లల కోసమే కలిపాడు. ఆయన పేరిట ఉన్న కంపెనీకి నిక్ ఉత్తరం రాశాడు: నాకు ఒక టన్ను కావాలి. విద్యార్థి అడిగిన మాట! వచ్చిన మట్టిలో పది రంగులున్నాయి. అందులో ఒక రంగు పేరు 'రాయి'. కుక్కను ఆ రంగు ముద్దతో చేశాడు. ఇప్పుడు లోకమంతా గుర్తుపట్టే గ్రోమిట్ రంగు ఎక్కడిదంటే అక్కడిది.

ఇది విని మేనకోడలు తన నంది వైపు చూసింది. దుప్పటి కింద అది బూడిద రంగులో, ఒక చెవి కొంచెం ముందుకు వాలి, ఆగిపోయి ఉంది.

*

గొంతు కావాలి. వాలెస్‌కు మాటలున్నాయి. నిక్ మనసులో ఉన్నది పీటర్ సాలిస్. అరవయ్యేళ్లు దాటిన నటుడు, బీబీసీలో ఏళ్ల తరబడి నడుస్తున్న హాస్య ధారావాహిక వల్ల ఇంటింటికీ తెలిసినవాడు. ఆయనకు ఉత్తరం రాశాడు. ఇవ్వగలిగింది 50 పౌండ్లు. ఒప్పుకుంటాడని నిక్‌కే నమ్మకం లేదు. ఆయన ఒప్పుకున్నాడు.

ఇద్దరూ మైకు ముందు కూర్చున్న ఆ పూటను నేను ఇట్లా ఊహించుకుంటాను. పాతికేళ్లయినా నిండని కుర్రవాడు. ఎదురుగా తన వయసంత అనుభవమున్న నటుడు. వాలెస్ తనలాగే లాంకషైర్ యాసలో మాట్లాడాలని కుర్రవాడి కోరిక. సాలిస్‌కు వచ్చింది పక్కనున్న యార్క్‌షైర్ యాస. మన నంద్యాల మాటకు కడప మాట తగిలినట్టు. దూరపువాళ్లకు రెండూ ఒకటే, మనకు కాదు. తొలి సినిమా దర్శకుడికి ఇక్కడ రెండు దార్లుంటాయి. పట్టుబట్టి యాసను వంచడం, లేదా వచ్చినదాన్ని చెవులొగ్గి వినడం. నిక్ విన్నాడు. 'చీజ్' (జున్ను) అనే మాటను సాలిస్ ఎంతో సాగదీసి, రెండు పెదవులూ పక్కలకు లాగి పలుకుతున్నాడు. ఆ పలుకు కోసం వాలెస్ బుగ్గలను వెడల్పు చేశాడు. బొమ్మకు గొంతు వెతకబోతే గొంతే బొమ్మకు మొహమిచ్చింది.

గ్రోమిట్‌కు కూడా మాటలు రాసుకున్నాడు. పీటర్ హాకిన్స్ అనే పేరున్న గొంతు కళాకారుణ్ణి అనుకున్నాడు. నోరు కదలాలి, ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క నోరు మలచాలి.

షూటింగులో ఒక షాటు వచ్చింది. వాలెస్ రాకెట్టు కోసం తలుపు చెక్క కోస్తున్నాడు. బల్ల లేదు. గ్రోమిట్టే బల్లయి, ఆ చెక్కను వీపు మీద మోస్తూ వంగి ఉన్నాడు. పైన చెక్క, పక్కన రంపం. నిక్ వేళ్లు కుక్క మొహం దాకా సరిగా పోవడం లేదు. నోటిని తాకేందుకు వీల్లేదు. అందేది కనుబొమ్మ ఒక్కటే. సరే, దాన్నే ఇంత పైకి నెట్టాడు. ఫ్రేము తీశాడు. ఇంత కిందికి దించాడు. ఫ్రేము తీశాడు. అప్పట్లో తీసినది వెంటనే చూసుకునే వసతి లేదు, ఫిల్ము కడిగి తేవాలి. తెర మీద చూస్తే ఏముంది? కుక్క మొహంలో విసుగు, ఓర్పు, ఈ మనిషితో నేనెట్లా వేగేది అన్న బాధ, ఇన్నీ ఉన్నాయి. ఒక్క మాట లేదు.

అంతే, గ్రోమిట్ నోరు తీసేశాడు. రాసుకున్న మాటలన్నీ పోయాయి. ఆ తరువాత ఏళ్ల తరబడి వచ్చిన ఏ సినిమాలోనూ గ్రోమిట్ నోరు విప్పలేదు.

నాకు ఈ ఘట్టం దగ్గర ప్రతిసారీ తోలుబొమ్మలు గుర్తొస్తాయి. అనంతపురం వైపు నిమ్మలకుంట వాళ్ల ఆట చూసినప్పుడు హనుమంతుడి నోరు కదలడం నేనెన్నడూ చూడలేదు. మెడ వాలుస్తారు, చెయ్యి లేపుతారు, బొమ్మను తెరకు దగ్గరగా అదిమి మళ్లీ దూరంగా తీస్తారు. ఆ తీతలో ఏడుపు ఉంటుంది. ఎంత కదిలించకూడదో తెలిసిన చేతులవి. నిక్ చేతికి ఆ సంగతి రంపం కింద తెలిసింది.

*

ఒక సెకనుకు 24 ఫ్రేములు. మట్టి బొమ్మను రెండు ఫ్రేములకొకసారి కదిపినా సెకనుకు పన్నెండు సార్లు. ఒక్కసారి మోచెయ్యి తగిలి బల్ల కదిలితే ఆ షాటు పోయినట్టే. లైట్ల వేడికి మట్టి మెత్తబడుతుంది, దుమ్మంతా పట్టుకుంటుంది, వేలిముద్రలు పడతాయి. ఇప్పటికీ ఆ సినిమాను ఆపి చూస్తే వాలెస్ చెంపల మీద వేలిముద్రలు కనబడతాయి. వాటిని మచ్చలని నేననను. ఒక పిల్లవాడు ఆ మొహాన్ని అన్ని వేలసార్లు ముట్టుకున్నాడనడానికి సాక్ష్యం అవి.

స్క్రిప్టులో మొదటి పేజీ తీయడానికి ఏడాదికి పైగా పట్టింది. ఒక్క పేజీకి! తోటి విద్యార్థులు సినిమాలు ముగించి ఉద్యోగాల్లో చేరుతుంటే ఇతను ఇంకా నేలమాళిగలో రాకెట్టుకు మేకులు కొడుతున్నాడు. సెట్టు కట్టేదీ, లైటు పెట్టేదీ, బొమ్మ చేతుల్లో నటించేదీ తానే. మేనకోడలు అడిగిన ప్రశ్న అతనికీ వచ్చి ఉంటుంది: ఇంతకీ నేను ఎవరికి దర్శకుణ్ణి? జవాబు అతను చెప్పగా నేను వినలేదు. సినిమాలో మాత్రం కనబడుతుంది. తన అలసటకు తానే చెబుతుండాలి, ఈ షాటులో ఇంత చాలు అని, ఆ షాటులో ఇంకా కావాలి అని.

పీటర్ లార్డ్, డేవిడ్ స్ప్రాక్స్‌టన్ అనే ఇద్దరు బడి స్నేహితులు 1972లో మొదలుపెట్టిన ఆర్డ్‌మన్ అనే చిన్న స్టూడియో అప్పటికి బ్రిస్టల్‌లో ఉంది. వాళ్లదీ మట్టి పనే. 1985లో నిక్‌ను తమ దగ్గర చేర్చుకున్నారు. సినిమా ముగియలేదు, అదీ వెంట వచ్చింది. స్కూలు ఖర్చు భరిస్తూనే ఉంది. పగలు స్టూడియో పని, మిగిలిన వేళల్లో చంద్రుడు. 1986లో పీటర్ గాబ్రియెల్ పాట 'స్లెడ్జ్‌హామర్' వీడియోకు ఆ స్టూడియో పనిచేసినప్పుడు అందులో ఆడే కోళ్లను కదిలించింది ఇతనే. అవి చచ్చిన కోళ్లు, ఈకలు పీకినవి, లైట్ల కింద. ఆ కోళ్లతో కుస్తీ పట్టి వచ్చి మళ్లీ తన కుక్క దగ్గర కూర్చునేవాడు.

అయినా లెక్క తేలడం లేదు. స్క్రిప్టులో చంద్రుడి మీద పెద్ద సందడే ఉంది. అక్కడ ఫాస్ట్ ఫుడ్ హోటలు, దాన్నిండా వింత వింత జీవులు. మొత్తం నలభై నిమిషాల సినిమా. ఈ నడకన పోతే ఇంకో తొమ్మిదేళ్లు పడుతుందని తోటివాళ్లు చెప్పారు.

నేను మేనకోడలికి చెప్పాలనుకున్నది ఇదే. అతను సినిమాను సగంలో వదలలేదు. సినిమాలోంచి సగం వదిలేశాడు. హోటలు పోయింది, జనం పోయారు. ఆ జనంలో ఒక్కటే మిగిలింది. చక్రాల మీద తిరిగే వంటపొయ్యిలాంటి ఒక యంత్రం, నాణెం వేస్తే పనిచేసేది. వాలెస్ నాణెం వేస్తాడు, అది కదలదు, వీళ్లు పోతారు. అప్పుడు మేలుకుంటుంది. జున్ను కోసిన గుర్తులు చూసి దానికి కోపమొస్తుంది. వాళ్ల సామానులో ఒక పత్రిక దొరుకుతుంది, అందులో మంచు మీద జారే ఆటల బొమ్మలు. ఒంటరి యంత్రానికి అప్పటినుంచి ఒకటే కల, ఆ రాకెట్టెక్కి భూమికి పోయి మంచు మీద జారాలని. చివర రాకెట్టు పోతుంటే దాని రేకు రెండు ముక్కలుగా ఊడి యంత్రం చేతిలోకి వస్తుంది, అది కిందే మిగిలిపోతుంది. ఏడుస్తుందనుకుంటాం. ఆ రెండు రేకులను కాళ్లకు కట్టుకుని చంద్రుడి గుట్టల మీద జారుకుంటూ చెయ్యూపుతుంది.

ఆ హోటలు నిండా జనం ఉండి ఉంటే ఈ యంత్రాన్ని మనం చూసేవాళ్లమా? చూడమని నా నమ్మకం.

సినిమా 23 నిమిషాలకు తేలింది. 'ఎ గ్రాండ్ డే ఔట్'. 1989 నవంబరు 4న బ్రిస్టల్‌లోని ఆర్నాల్‌ఫీనిలో యానిమేషన్ ఉత్సవంలో మొదటిసారి తెర మీద పడింది. మొదలుపెట్టి ఏడేళ్లు. సినిమా అయిందని చెప్పడానికి ఫోను చేస్తే, ఆరేళ్ల కిందట గొంతిచ్చి పోయిన సాలిస్ నోట ఆశ్చర్యానికి తిట్టే వచ్చిందట.

అవార్డుల సంగతి నేను తొందరగానే దాటేశాను. 1990లో బాఫ్టా వచ్చింది. 1991 మార్చిలో ఆస్కార్‌కు అదే మనిషివి రెండు సినిమాలు పోటీపడ్డాయి. ఒకటి ఏడేళ్ల ఈ సినిమా, రెండోది ఆర్డ్‌మన్‌లో తీసిన ఐదు నిమిషాల 'క్రీచర్ కంఫర్ట్స్'. గెలిచింది ఐదు నిమిషాలది. తరువాత వాలెస్, గ్రోమిట్‌లు మళ్లీ మళ్లీ వచ్చి మూడు ఆస్కార్లు తెచ్చారు, అది వేరే కథ.

*

"మన తెలుగులో?" అంది మేనకోడలు. చెప్పాను. 2006 సంవత్సరపు జాతీయ అవార్డుల్లో ఉత్తమ యానిమేషన్ చిత్రం 'కిట్టు', తెలుగు సినిమా, కోతిపిల్ల కథ. చాలామంది మరిచిపోయారు. మరిచిపోకుండా ఉండాల్సింది.

ఆమె లేచిపోయి ఒక అట్టపెట్టె తెచ్చింది. తన స్టోరీబోర్డు. ఒక్కో అట్టముక్క మీద ఒక్కో షాటు, పెన్సిలుతో గీసినవి. బండల నేల మీద వరసగా పరిచింది. శిల్పి పాక, వెన్నెల, మొదటి అడుగు. ఆ తరువాత నంది ఊర్లోకి వస్తుంది. తిరునాళ్ల జరుగుతోంది. రంగులరాట్నం, పల్లకీ, పలకల వాళ్లు, బొరుగులమ్మే ఆమె, వందమంది జనం. పదకొండు అట్టలు దానికే. ఎంతో ముచ్చటగా గీసింది. బొరుగులామె ముక్కుపుడక కూడా కనబడుతోంది.

అంతలో వాళ్ల అవ్వ నీళ్ల చెంబుతో వచ్చింది. అట్టలు తొక్కకుండా చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని నిలబడి వంగి చూసింది.

"ఏమే ఇది?"

"ఎద్దు అవ్వా. దప్పికయి కుందూకు పోతాంది."

అవ్వ వేలితో వరసంతా తడుముకుంటూ వచ్చి తిరునాళ్ల దగ్గర ఆగింది. "ఈడెందుకు పోయె?"

"ఊరు చూడనీకి."

"దప్పికైన గొడ్డు ఊరు చూస్తాదా యాడన్నా? తిన్నగా నీళ్లకాడికే పోతాది."

ఎవరూ మాట్లాడలేదు. అవ్వ చెంబు నా ముందు పెట్టి లోపలికి పోయింది. మేనకోడలు చాలాసేపు ఆ పదకొండు అట్టల్నీ చూస్తూ కూర్చుంది. బొరుగులామె బొమ్మను ఒకసారి చేతిలోకి తీసుకుంది. తరువాత ఒక్కొక్కటే ఏరి, దొంతి పెట్టి, రబ్బరుబ్యాండు వేసి పెట్టె అడుగున పెట్టింది. చించలేదు. మిగిలిన అట్టల్ని దగ్గరికి జరిపింది. పాక, వెన్నెల, అడుగు, నీళ్లు.

నేను మేడ మీద పడుకున్నాను. నడిరేయి దాటాక మెలకువ వచ్చింది. కింద పంచలో బల్బులు వెలుగుతున్నాయి. మీట చప్పుడు వినబడింది. కాసేపు ఏమీ లేదు. మళ్లీ మీట చప్పుడు.